క్యాన్సిల్ నొక్కితే సేవ్ అయిపోయింది!

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫారాల గోలే. సబ్మిట్ ఒకటికి రెండుసార్లు నడుస్తోందని కొందరు, క్యాన్సిల్ అసలు నడవట్లేదని మరికొందరు. మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకి పెట్టి ముందు వీటి సంగతి చూద్దాం.

ప్రశ్న: జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)లో చందాదారుల వివరాలు మార్చే పేజీ రాశాను. కింద 'సేవ్', 'క్యాన్సిల్' అని రెండు బటన్లు. క్యాన్సిల్ నొక్కితే జాబితా పేజీకి వెళ్లేలా ఆన్‌క్లిక్‌లో ఒక లైను జావాస్క్రిప్ట్ పెట్టాను. జాబితాకి వెళ్లడం అటుంచి, క్యాన్సిల్ కొట్టినా మార్పులు డేటాబేస్‌లో పడిపోతున్నాయి. తప్పెక్కడ? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: మీరు ఆ బటన్‌కి టైప్ రాయలేదు. ఫారం లోపలున్న బటన్ ట్యాగ్‌కి టైప్ ఇవ్వకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే లెక్కేసుకుంటుంది. పైన ఏం రాసి ఉందో దానికి పట్టదు. క్లిక్ చేయగానే మొదట మీ ఆన్‌క్లిక్ లైను నడిచి జాబితా పేజీకి ప్రయాణం మొదలవుతుంది. ఆ వెంటనే బటన్ సొంత పని, అంటే సబ్మిట్, నడిచి మొదటి ప్రయాణాన్ని పక్కకి నెట్టేస్తుంది. వెనక వచ్చిందే నెగ్గుతుంది.

టైప్ దగ్గర 'బటన్' అని రాస్తే రోగం కుదురుతుంది. కానీ మీ పేజీకి అసలు బటనే అక్కర్లేదు. క్యాన్సిల్ అంటే ఏమీ మార్చకుండా వేరే పేజీకి వెళ్లిపోవడం. ఆ పని చేయడానికి మామూలు లింకు ఉంది. లింకు పెట్టి, సీఎస్‌ఎస్‌తో బటన్‌లా కనిపించేట్టు చేయండి. జావాస్క్రిప్ట్ లోడ్ కాకపోయినా పనిచేస్తుంది.

లింకులో గమ్యం చిరునామా స్పష్టంగా రాయండి. 'హిస్టరీ బ్యాక్' పెట్టకండి. ఒకసారి సేవ్ కొట్టి తప్పులు వచ్చాక మనిషి చూస్తున్నది అదే ఫారం రెండో ప్రతి. అక్కణ్నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తే మళ్లీ ఫారమే వస్తుంది. పేజీని కొత్త ట్యాబ్‌లో తెరిచిన వాళ్లకైతే వెనక్కి వెళ్లడానికి ఏమీ ఉండదు. ఎక్కణ్నుంచి వచ్చారో అక్కడికే పంపాలంటే 'నెక్స్ట్' అనే పారామీటర్‌లో చిరునామా తెచ్చుకోండి. అయితే దాన్ని జాంగోలోని 'యూఆర్ఎల్ హ్యాజ్ అలౌడ్ హోస్ట్ అండ్ స్కీమ్' ఫంక్షన్‌తో పరీక్షించాకే వాడండి. లేకపోతే మీ సైటు పేరుతో ఎవరైనా జనాన్ని తమ దొంగ సైటుకి మళ్లించుకోవచ్చు.

క్యాన్సిల్ సర్వర్ దాకా వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి: చిత్తుప్రతి చెరిపేయాలి, రికార్డు మీద వేసిన తాళం తీయాలి, సగంలో అప్‌లోడ్ అయిన ఫైళ్లు తొలగించాలి. అప్పుడు దాన్ని సబ్మిట్ బటన్‌గానే ఉంచి, నేమ్ దగ్గర 'క్యాన్సిల్' అని ఇవ్వండి, 'ఫారం నోవ్యాలిడేట్' లక్షణం (గడుల్ని సరిచూడకుండానే పంపమని చెప్పేది) చేర్చండి. నొక్కిన బటన్ పేరొక్కటే సర్వర్‌కి వస్తుంది కాబట్టి, వ్యూలో ఫారం ఆబ్జెక్ట్ తయారుచేయకముందే 'రిక్వెస్ట్ పోస్ట్‌లో క్యాన్సిల్ ఉందా' అని చూసి, ఉంటే అక్కడే దారి మళ్లించండి. పోల్చాల్సింది పేరుని, బటన్ మీది అక్షరాల్ని కాదు. ఇన్‌పుట్ ట్యాగ్‌తో చేసిన సబ్మిట్‌లో వ్యాల్యూయే లేబుల్. రేపు సైటుని తెలుగులోకి మార్చి 'రద్దు' అని రాసిన క్షణాన మీ పోలిక చెడిపోతుంది.

ప్రశ్న: మా ఫారంలో క్యాన్సిల్ ఎడమవైపు, సేవ్ కుడివైపు ఉండాలని డిజైనర్ అన్నారు. అలాగే పెట్టాం. ఇప్పుడు ఏ గడిలో ఎంటర్ కొట్టినా క్యాన్సిల్ నడుస్తోంది! (హన్మకొండ)

జవాబు: టెక్స్ట్ గడిలో ఎంటర్ కొడితే బ్రౌజర్ ఆ ఫారం 'డీఫాల్ట్ బటన్'ని తానే నొక్కుతుంది. డీఫాల్ట్ బటన్ అంటే హెచ్‌టీఎంఎల్ వరుసలో మొట్టమొదట వచ్చే సబ్మిట్ బటన్. తెర మీద ఎడమా కుడా అన్నది లెక్కలోకి రాదు. మీ రెండు బటన్లూ సబ్మిట్లే కాబట్టి ముందున్న క్యాన్సిల్‌కి ఆ పదవి దక్కింది.

సేవ్‌ని ముందు రాసి, సీఎస్‌ఎస్ ఫ్లెక్స్‌లో 'రో రివర్స్'తో తెర మీది వరుస తిప్పమని చాలామంది చెబుతారు. ఎంటర్ సమస్య తీరుతుంది గానీ ట్యాబ్ కీతో నడిచేవాళ్లకి చూపు ఒకవైపు, ఫోకస్ ఇంకోవైపు పోతుంది. మా ఓటు వేరే పద్ధతికి. పేజీలో రెండో ఫారం ఒకటి పెట్టండి. దానికి ఐడీ ఇచ్చి, లోపల సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (అభ్యర్థన మీ పేజీ నుంచే వచ్చిందని తేల్చే రహస్య సంకేతం), రికార్డు నంబరు మాత్రం ఉంచండి. క్యాన్సిల్ బటన్‌ని సేవ్ పక్కనే ఉంచి, దాని 'ఫారం' లక్షణంలో ఆ రెండో ఫారం ఐడీ రాయండి. కళ్లకి రెండూ పక్కపక్కనే ఉంటాయి, బ్రౌజర్‌కి మాత్రం అవి వేర్వేరు ఫారాల బటన్లు. ఎంటర్‌కి సేవ్ ఒక్కటే మిగులుతుంది. ఫారం లోపల ఫారం మాత్రం రాయకండి. హెచ్‌టీఎంఎల్ ఒప్పుకోదు, లోపలి ట్యాగ్‌ని బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది.

ఇదే విషయంలో ఇంకో రెండు మెలికలు. డీఫాల్ట్ బటన్ డిజేబుల్ అయి ఉంటే ఎంటర్ ఏమీ చేయదు, తర్వాతి బటన్‌కి పోదు. సబ్మిట్ బటన్ అసలే లేని ఫారంలో టెక్స్ట్ గడి ఒక్కటే ఉంటే ఎంటర్‌కి సబ్మిట్ అవుతుంది, రెండుంటే అవదు. 'నిన్నటిదాకా పనిచేసింది, ఇంకో గడి చేర్చగానే ఆగిపోయింది' అంటూ వచ్చే ఫిర్యాదులకి సాధారణంగా మూలం ఇదే.

ప్రశ్న: పాత జావా ప్రాజెక్టు ఒకటి నా నెత్తిన పడింది. క్యాన్సిల్ కొడితే 'పేరు తప్పనిసరి', 'తేదీ సరిగా లేదు' అంటూ ఎర్ర అక్షరాలు. వెళ్లిపోతానన్నవాణ్ని ఆపి లెక్క అడుగుతోంది. ఏం చేయాలి? (హైదరాబాద్)

జవాబు: ఏ ఫ్రేమ్‌వర్కో మీరు రాయలేదు. పాత జావాలో ఎక్కువగా తగిలే మూడింటికీ చెబుతాం.

జేఎస్‌ఎఫ్ అయితే క్యాన్సిల్ కమాండ్ బటన్‌కి 'ఇమ్మీడియట్' ట్రూ అని పెట్టండి. అప్పుడు దాని యాక్షన్ 'అప్లై రిక్వెస్ట్ వ్యాల్యూస్' దశలోనే, వ్యాలిడేషన్ (గడుల్లో కొట్టింది సరిచూడటం) కంటే ముందే నడిచిపోతుంది. అదే పేజీలో ఉండిపోతే మాత్రం గడుల్లో మనిషి కొట్టిన పాత అక్షరాలే మళ్లీ కనిపిస్తాయి. రీడైరెక్ట్‌తో బయటికి పంపేయండి.

వికెట్ అయితే బటన్ మీద 'సెట్ డీఫాల్ట్ ఫారం ప్రాసెసింగ్' ఫాల్స్ చేయండి. అప్పుడు వ్యాలిడేషన్, మోడల్ మార్పు రెండూ ఆగిపోతాయి. ఆ బటన్ ఆన్‌సబ్మిట్ మాత్రమే నడుస్తుంది, ఫారం ఆన్‌సబ్మిట్ నడవదు. జనం మరిచిపోయేది తర్వాతి అడుగు. అంతకుముందు సేవ్ కొట్టి విఫలమై ఉంటే, కొట్టిన అక్షరాలు కాంపోనెంట్లలో అలాగే నిలిచి ఉంటాయి. అదే పేజీ మళ్లీ చూపించేటట్లయితే 'క్లియర్ ఇన్‌పుట్' పిలవాలి.

స్ట్రట్స్ 1 అయితే కాస్త ఆగి చదవండి. అందులో క్యాన్సిల్ ట్యాగ్ ఒక ప్రత్యేక పారామీటర్‌ని పంపేది. అది కనిపిస్తే ఫ్రేమ్‌వర్క్ వ్యాలిడేషన్‌ని దాటేసి, యాక్షన్‌ని మాత్రం మామూలుగానే పిలిచేది. 'ఇది క్యాన్సిలా' అని యాక్షన్ స్వయంగా అడిగి తెలుసుకోవాలి. అడగని యాక్షన్లు బోలెడు, ఎందుకంటే ఆ పేజీల్లో క్యాన్సిల్ బటనే లేదు. బటన్ లేకపోతేనేం, ఆ పారామీటర్‌ని ఎవరైనా చేత్తో తగిలించి పంపితే వ్యాలిడేషన్ లేని డేటా నేరుగా సేవ్ దాకా వెళ్లిపోయేది. 2006లో 1.2.9 కూర్పులో ఈ కన్నం పూడ్చారు. అప్పట్నుంచి ఆకృతీకరణ ఫైల్లో 'క్యాన్సలబుల్' అని చెప్పిన యాక్షన్లకే క్యాన్సిల్ చెల్లుతుంది. మీ ప్రాజెక్టు అంతకంటే పాతదైతే బటన్ సంగతి తర్వాత, ముందు దీన్ని చూసుకోండి. కొత్త ఫ్రేమ్‌వర్కుల్లో రాసేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. వ్యాలిడేషన్ దాటే దారి ఎప్పుడూ సేవ్ చేసే ఫంక్షన్ గుండా పోకూడదు.

ప్రశ్న: 'రీసెట్' టైప్ బటన్‌నే క్యాన్సిల్‌గా వాడుకోవచ్చా? (తెనాలి)

జవాబు: వద్దు. అది పేజీ వచ్చినప్పటి విలువల్ని గడుల్లో తిరిగి పెడుతుందే తప్ప మనిషిని ఎక్కడికీ తీసుకెళ్లదు. పైగా సేవ్ పక్కనే ఉంటే పొరపాటున వేలు తగిలి పావుగంట టైపింగ్ పోతుంది, వెనక్కి తెచ్చుకునే దారి లేదు. రియాక్ట్‌లో విలువల్ని స్టేట్‌లో పెట్టుకున్న ఫారాల్లో అయితే తెర మీద ఒకటి, స్టేట్‌లో (రియాక్ట్ గుర్తుపెట్టుకున్న విలువల్లో) ఒకటి మిగలొచ్చు.

ప్రశ్న: యాంగ్యులర్ రియాక్టివ్ ఫారంలో క్యాన్సిల్ కొడితే రీసెట్ పిలుస్తున్నాను. సర్వర్ నుంచి వచ్చిన పాత విలువలు కనిపించాల్సింది పోయి అన్నీ ఖాళీ అవుతున్నాయి. (బెంగళూరు)

జవాబు: యాంగ్యులర్‌లో ఏమీ ఇవ్వకుండా రీసెట్ పిలిస్తే ప్రతి కంట్రోల్‌లోనూ (గడిలోనూ) నల్, అంటే ఖాళీ, పెడుతుంది. 2022లో 14వ కూర్పుతో వచ్చిన 'నాన్ నలబుల్' వాడితే కంట్రోల్ పుట్టినప్పటి విలువకి వెళ్తుంది. అదీ మీకు సరిపోదు. కంట్రోల్ పుట్టినప్పుడు ఖాళీ స్ట్రింగ్, సర్వర్ డేటా ఆ తర్వాత ప్యాచ్‌వ్యాల్యూతో వచ్చింది. ప్యాచ్‌వ్యాల్యూ పుట్టు విలువని మార్చదు.

సర్వర్ డేటా రాగానే దాని నకలు ఒకటి విడిగా దాచుకోండి. స్ట్రక్చర్డ్‌క్లోన్‌తో తీయండి. మూడు చుక్కల స్ప్రెడ్ పైపొరనే నకలు చేస్తుంది, లోపలున్న ఆబ్జెక్టు (ఉదాహరణకి ఇంటి చిరునామా) రెండు చోట్లా ఒకటే అయి కూర్చుంటుంది. క్యాన్సిల్‌లో ఆ నకలుని రీసెట్‌కి ఇవ్వండి. సేవ్ విజయవంతం అయ్యాక కూడా సర్వర్ తిరిగి ఇచ్చిన విలువతో రీసెట్ పిలిచి, దాచిన నకలుని దానితో మార్చండి. లేకపోతే రెండోసారి క్యాన్సిల్ కొట్టినప్పుడు మొన్నటి విలువలు వస్తాయి. ఫారంఅరే (వరుసలు చేర్చి తీసే జాబితా) ఉంటే మరో చిక్కు: మనిషి తీసేసిన వరుసల్ని రీసెట్ తిరిగి పుట్టించదు. అరేని ఖాళీ చేసి నకలులో ఎన్ని వరుసలున్నాయో అన్ని కంట్రోళ్లు మళ్లీ కట్టాలి.

పనిలో పని, 'ఎన్‌జీసబ్మిట్' ఫారం తప్పుగా ఉన్నా నడుస్తుంది. యాంగ్యులర్ ఫారానికి నోవ్యాలిడేట్ తనే తగిలించి బ్రౌజర్ కాపలాని తీసేస్తుంది కాబట్టి, మీ ఫంక్షన్ మొదటి లైనులో 'ఇన్‌వ్యాలిడ్' అయితే 'మార్క్ ఆల్ యాజ్ టచ్డ్' పిలిచి వెనక్కి తిరగండి.

ప్రశ్న: ఫీజు రసీదు ఫారం. నెట్ మందంగా ఉన్నప్పుడు జనం సబ్మిట్‌ని రెండు మూడు సార్లు నొక్కుతున్నారు, రసీదులు రెండేసి పడుతున్నాయి. క్లిక్‌లో బటన్ డిజేబుల్ చేస్తే ఇప్పుడు అసలు ఒక్కటీ వెళ్లట్లేదు. (కర్నూలు)

జవాబు: క్లిక్ హ్యాండ్లర్‌లో డిజేబుల్ చేస్తే, సబ్మిట్ మొదలయ్యే సమయానికి బటన్ చచ్చి ఉంటుంది, ఫారాన్ని పంపకుండానే ఊరుకునే బ్రౌజర్లున్నాయి. ఆ పనిని ఫారం 'సబ్మిట్' ఈవెంట్‌లో చేయండి. అప్పటికి బ్రౌజర్ వ్యాలిడేషన్ కూడా అయిపోయి ఉంటుంది. క్లిక్‌లో చేస్తే తప్పున్న ఫారం దగ్గర కూడా బటన్ మూసుకుపోతుంది.

ఇక్కడా ఒక గొయ్యి ఉంది. గడుల విలువల మూటని బ్రౌజర్ కట్టేది సబ్మిట్ ఈవెంట్ ముగిశాక. డిజేబుల్ అయినవి మూటలోకి రావు, బటన్ పేరు కూడా రాదు. 'ఏ బటన్ నొక్కారు' అని సర్వర్‌లో చూసే కోడ్ ఉంటే అది తెల్లమొహం వేస్తుంది. సున్నా మిల్లీసెకన్ల సెట్‌టైమ్‌అవుట్‌లో డిజేబుల్ చేస్తే చాలు. ఫెచ్‌తో (జావాస్క్రిప్ట్‌లోంచి) పంపేవాళ్లు ఇది గమనించాలి: ఫారండేటా ఆబ్జెక్ట్‌కి ఫారం ఒక్కటే ఇస్తే నొక్కిన బటన్ పేరు అందులో ఉండదు. ఈవెంట్‌లోని 'సబ్మిటర్'ని రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి. పాత బ్రౌజర్ల కోసమైతే సబ్మిటర్ పేరూ విలువా చేత్తో అపెండ్ చేయండి. స్క్రిప్ట్ నుంచి ఫారాన్ని పంపేటప్పుడు 'సబ్మిట్' మెథడ్ వాడితే వ్యాలిడేషనూ జరగదు, సబ్మిట్ ఈవెంటూ రాదు. మీ కాపలా అంతా వృథా. 'రిక్వెస్ట్ సబ్మిట్' వాడండి.

డిజేబుల్ చేసినదాన్ని తిరిగి తెరవడం కూడా మీ పనే. ఫెచ్ అయితే 'ఫైనల్లీ'లో తెరవండి. మామూలు సబ్మిట్ అయి, మనిషి బ్యాక్ కొట్టి వస్తే బ్రౌజర్ పేజీని జ్ఞాపకంలోంచి ఉన్నదున్నట్టు తీసి పెట్టొచ్చు, మూసిన బటన్‌తో సహా. 'పేజ్‌షో' ఈవెంట్ విని, 'పర్సిస్టెడ్' ట్రూ అయితే తెరవండి. ఫైర్‌ఫాక్స్ రీఫ్రెష్ చేసినా డిజేబుల్‌ని గుర్తుపెట్టుకుంటుంది. బటన్‌కి ఆటోకంప్లీట్ 'ఆఫ్' పెడితే మరిచిపోతుంది.

ఇంత చేసినా ఇది ఇంటి ముందు గేటు లాంటిదే, తాళం సర్వర్‌లో ఉండాలి. ఫారం చూపించేటప్పుడే ఒక యూయూఐడీ (మళ్లీ రాని గుర్తింపు సంఖ్య) పుట్టించి దాచిన గడిలో పెట్టండి. రసీదుల పట్టికలో ఆ నిలువు వరుసకి యూనిక్ నిబంధన వేయండి. రెండోసారి అదే సంఖ్య వస్తే డేటాబేస్ తిరస్కరిస్తుంది. ఆ తిరస్కారాన్ని పట్టుకుని, మొదటి రసీదునే చూపించండి. 'ముందు ఉందో లేదో వెతికి, లేకపోతే రాయడం' అనే పద్ధతి సరిపోదు, రెండు అభ్యర్థనలూ ఒకేసారి వెతికి రెండూ 'లేదు' అనుకునే వీలుంది. సేవ్ అయ్యాక పేజీని అక్కడే గీయకండి, 303 (వేరే పేజీకి వెళ్లమనే హెచ్‌టీటీపీ సంకేతం)తో రసీదు పేజీకి మళ్లించండి. అప్పుడు రీఫ్రెష్ కొట్టినా రసీదు పేజీయే మళ్లీ వస్తుంది. 307, 308 మాత్రం వాడకండి, అవి పోస్ట్‌ని పోస్ట్‌గానే కొత్త చిరునామాకి మోసుకెళ్తాయి.

రెయిల్స్‌లో టర్బో (పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా ఫారాల్ని పంపే లైబ్రరీ)తో రాసేవాళ్లకి ఇది కోరిక కాదు, నిబంధన. విజయానికి 303, తప్పులతో ఫారం మళ్లీ చూపించాలంటే 422 (పంపింది చెల్లదనే సంకేతం). పాత అలవాటుగా 200 (అంతా సరే అనే సంకేతం)తో ఫారం గీస్తే టర్బో దాన్ని చూపించదు. 'బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదు' అని ఉత్తరం రాసిన గుంటూరు పాఠకుడికీ ఇదే జవాబు.

ప్రశ్న: పెద్ద ఫైలు వెళ్తుండగా క్యాన్సిల్ కొడితే అబార్ట్‌కంట్రోలర్‌తో ఆపుతున్నాను. అయినా కొన్నిసార్లు రికార్డు పడుతోంది. (విశాఖపట్నం)

జవాబు: పడుతుంది. అబార్ట్ చేస్తే మీ వైపు పంపడం, ఎదురుచూడటం ఆగుతాయి, అంతే. ఫైలు మొత్తం సర్వర్‌కి చేరిపోయి, జవాబు దారిలో ఉన్నప్పుడు క్యాన్సిల్ కొడితే అక్కడ పని ఎప్పుడో అయిపోయింది. పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరాన్ని ఇంట్లో కూర్చుని చింపలేం కదా. పై ప్రశ్నలో చెప్పిన యూయూఐడీ ఇక్కడా పనికొస్తుంది. అబార్ట్ అయ్యాక ఆ సంఖ్యతో 'ఇది రద్దు' అని ఇంకో అభ్యర్థన పంపండి. సర్వర్ రికార్డు ఉంటే తీసేయాలి, ఇంకా లేకపోతే ఆ సంఖ్యని రద్దుల పట్టికలో రాసుకుని, వెనకాల వచ్చినా తిరస్కరించాలి. తెర మీద అబార్ట్ ఎర్రర్‌ని ఎర్ర పెట్టెలో చూపించకండి, కోరి ఆపినవాడికి అది ఎర్రర్ కాదు.

ప్రశ్న: రియాక్ట్ 19లో ఫారం 'యాక్షన్'కి ఫంక్షన్ ఇచ్చాను. సర్వర్ 'ఫోన్ నంబరు తప్పు' అని చెప్పగానే కొట్టిన గడులన్నీ ఖాళీ. (డాలస్)

జవాబు: డిసెంబరు 2024లో వచ్చిన ఆ కూర్పులో, ఫంక్షన్ యాక్షన్ ముగిశాక స్టేట్‌కి కట్టని గడుల్ని రియాక్ట్ రీసెట్ చేస్తుంది. మీ యాక్షన్ తప్పుని విసరకుండా మామూలు విలువగా తిరిగి ఇచ్చింది కాబట్టి రియాక్ట్ దృష్టిలో అది సజావుగా ముగిసినట్టే. తప్పు సందేశంతో పాటు వచ్చిన విలువల్ని కూడా తిరిగి ఇవ్వండి. 'యూజ్ యాక్షన్ స్టేట్' ఇచ్చే స్టేట్‌లోంచి తీసి గడుల 'డీఫాల్ట్ వ్యాల్యూ'కి కట్టండి. రీసెట్ అయినా అవే విలువలకి వస్తుంది. ఇది నచ్చకపోతే పాత ఆన్‌సబ్మిట్, ప్రివెంట్‌డీఫాల్ట్ పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది; పెద్ద ఫారాలకి మేం దాన్నే వాడమంటాం. 'యూజ్ ఫారం స్టేటస్' ఎప్పుడూ పెండింగ్ ఫాల్స్ అనే చెబుతోందని అడిగిన ఇంకో పాఠకుడికి: ఆ హుక్‌ని ఫారం లోపలున్న పిల్ల కాంపోనెంట్‌లో పిలవాలి, ఫారం గీసే కాంపోనెంట్‌లో కాదు.

ప్రశ్న: డైలాగ్ ట్యాగ్‌లో ఫారం పెట్టాం. మూడు వింతలు. క్యాన్సిల్ బటన్ నొక్కితే 'క్యాన్సిల్' ఈవెంట్ రావట్లేదు. ఎస్కేప్ కొట్టినా ఒక్కోసారి సేవ్ అవుతోంది. లోపలి ఫైల్ గడిలో ఫైలు ఎంచుకోకుండా బయటికొస్తే మా క్యాన్సిల్ కోడ్ నడిచి డైలాగే మూసుకుపోతోంది. (చెన్నై)

జవాబు: మూడూ వింతలు కావు, మూడింటికీ కారణాలున్నాయి.

డైలాగ్ 'క్యాన్సిల్' ఈవెంట్ ఎస్కేప్ కీ లాంటి బ్రౌజర్ మూసివేతలకి వస్తుంది. మీ క్యాన్సిల్ బటన్ దానికి తెలియదు. అన్ని దారులూ చివరికి కలిసేది 'క్లోజ్' ఈవెంట్ దగ్గర, శుభ్రం చేసే కోడ్ అక్కడ పెట్టండి. ఫారం మెథడ్ 'డైలాగ్' అని ఇస్తే ఏ బటన్ నొక్కారో దాని వ్యాల్యూ డైలాగ్ 'రిటర్న్ వ్యాల్యూ'లో పడుతుంది. క్యాన్సిల్ బటన్‌కి ఫారం నోవ్యాలిడేట్ మరవకండి, లేకపోతే ఖాళీ గడి దాన్ని బయటికి పోనివ్వదు.

రెండోది చాలామందిని ముంచినదే. ఎస్కేప్ కొడితే రిటర్న్ వ్యాల్యూ మారదు. నిన్న 'సేవ్' కొట్టి మూసిన డైలాగ్‌ని ఇవాళ తెరిచి ఎస్కేప్ కొడితే లోపల ఉన్నది నిన్నటి 'సేవ్' మాటే. డైలాగ్ తెరిచే షోమోడల్‌ని పిలిచే ముందు లైనులో రిటర్న్ వ్యాల్యూని ఖాళీ స్ట్రింగ్ చేయండి.

మూడోది: ఫైల్ గడికీ 'క్యాన్సిల్' అనే పేరుతోనే ఒక ఈవెంట్ ఉంది, ఎంపిక మార్చకుండా బయటికొస్తే వస్తుంది. పాత ఫైలునే మళ్లీ ఎంచినా వస్తుంది. అది పైకి పాకి డైలాగ్ మీది మీ వినికిడి (లిజనర్)కి తగులుతోంది. ఈవెంట్ టార్గెట్ డైలాగే అయితేనే పని చేయమని ఒక షరతు రాస్తే సరి.

ప్రశ్న: క్యాన్సిల్ బటన్‌ని రెండుసార్లు నొక్కితేగానీ పనిచేయట్లేదు. మొదటిసారి ఎర్ర సందేశం వస్తుంది, రెండోసారి వెళ్తుంది. (నిజామాబాద్)

జవాబు: గడిలో కర్సర్ ఉండగా బటన్ మీద మౌస్ నొక్కగానే గడి ఫోకస్ కోల్పోతుంది, మీ బ్లర్ వ్యాలిడేషన్ నడుస్తుంది, 'తప్పనిసరి' అన్న వాక్యం గడి కింద పుట్టుకొస్తుంది. దాంతో కిందున్నదంతా ఒక వరుస జారుతుంది. వేలు ఎత్తేసరికి మౌస్ కింద బటన్ లేదు. నొక్కడం ఒకచోట, ఎత్తడం ఇంకోచోట అయితే బటన్‌కి క్లిక్ రాదు.

సందేశానికి ముందే ఒక వరుస ఎత్తు కేటాయించండి, కనీస ఎత్తు 1.5 ఈఎం చాలు. బ్లర్‌లో 'రిలేటెడ్ టార్గెట్' క్యాన్సిల్ బటనా అని చూసే చిట్కా కూడా ఉంది గానీ, మ్యాక్ సఫారీలో క్లిక్ చేసిన బటన్‌కి ఫోకస్ రాదు, అక్కడ అది నల్ ఇస్తుంది. అన్నిటికంటే మంచిది మొదటి సబ్మిట్ దాకా నోరు మూసుకుని ఉండి, తప్పు తేలిన గడుల్నే ఆ తర్వాత టైప్ చేస్తుండగా సరిచూడటం.

ప్రశ్న: చాట్ పెట్టెలో ఎంటర్‌కి పంపేలా కీడౌన్ రాశాం. లిప్యంతరీకరణ కీబోర్డుతో తెలుగు కొట్టేవాళ్లకి పదం ఎంచుకోగానే సగం వాక్యం వెళ్లిపోతోంది. (రాజమహేంద్రవరం)

జవాబు: సూచనల పట్టీలోంచి పదం ఖాయం చేయడానికి కొట్టిన ఎంటర్‌నే మీ కోడ్ 'పంపు' అనుకుంటోంది. కీడౌన్ మొదట్లో 'ఈజ్ కంపోజింగ్' ట్రూ అయితే ఏమీ చేయకుండా తిరగండి. సఫారీలో కంపోజిషన్ ముగింపు ఈవెంటే ముందు వస్తుంది, కీడౌన్ దాని వెనక వస్తుంది కాబట్టి అక్కడ ఈ పరీక్ష తప్పుతుంది, కీకోడ్ 229 అయితే కూడా ఆగండి. ఒకే వరుస గడి అయితే కీడౌన్ పూర్తిగా తీసేసి ఫారానికీ సబ్మిట్ ఈవెంట్‌కీ వదిలేయండి, ఈ తేడా బ్రౌజరే చూసుకుంటుంది. పరీక్షించేటప్పుడు ఇంగ్లిష్ కీబోర్డు ఒక్కటే వాడితే ఈ లోపం ఎప్పటికీ కనబడదు.

ప్రశ్న: సేవ్ చేయకుండా ట్యాబ్ మూస్తుంటే 'మీ మార్పులు పోతాయి' అని తెలుగులో హెచ్చరించాలి. బిఫోర్‌అన్‌లోడ్‌లో రాసిన వాక్యం రావట్లేదు, బ్రౌజర్ తన సొంత మాట చెబుతోంది. (కరీంనగర్)

జవాబు: ఆ వాక్యం ఇక రాదు. దొంగ సైట్లు దాన్ని బెదిరింపులకి వాడుకోవడంతో బ్రౌజర్లు సొంత వాక్యాన్నే చూపిస్తున్నాయి. క్రోమ్ 2016లో 51వ కూర్పు నుంచి ఆపేసింది. మీరు చేయగలిగింది ప్రివెంట్‌డీఫాల్ట్ పిలవడం వరకే. మనిషి పేజీలో ఒక్కసారి కూడా క్లిక్ గానీ టైప్ గానీ చేయకపోతే అదీ రాదు. గడి మారినప్పుడే వినికిడి తగిలించండి, సబ్మిట్ ఈవెంట్‌లో తీసేయండి. లేకపోతే సేవ్ కొట్టినవాడికి కూడా 'వెళ్లిపోతారా?' అని అడ్డుపడుతుంది. ఒకే పేజీ యాప్‌లో లోపలి లింకులకి ఈ ఈవెంట్ రాదు: యాంగ్యులర్‌లో 'క్యాన్ డీయాక్టివేట్' గార్డు, రియాక్ట్ రౌటర్‌లో 'యూజ్ బ్లాకర్' చూడండి, అక్కడ మీ తెలుగు వాక్యం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఫోన్లలో యాప్‌ని పక్కకి తోసి చంపేస్తే ఏ హెచ్చరికా రాదు. 'విజిబిలిటీ చేంజ్' ఈవెంట్‌లో పేజీ మరుగైనప్పుడల్లా చిత్తుప్రతిని లోకల్‌స్టోరేజ్‌లో దాచండి, సేవ్ అయినా క్యాన్సిల్ అయినా దాన్ని చెరిపేయండి.